విండోస్ మళ్లీ వేయడానికి గడువుందా? ఒక సంవాదం

కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ వేయడమంటే డిస్కులో అది ఉన్న భాగాన్ని తుడిచి, కొత్త ప్రతిని ఎక్కించడం. విండోస్ వాడే ఇళ్లలో సీ డ్రైవ్ ఖాళీ అవుతుంది. దానితోపాటు అందులోని ప్రోగ్రాములు, ప్రింటర్ డ్రైవర్లు, సెట్టింగులు, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు పోతాయి. డిస్కు, ర్యామ్, ఫ్యాను మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. ఈ పని ఎన్నాళ్లకోసారి చేయాలన్నదానిపై రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. పాడైనా కాకపోయినా ఏడాదికోసారి చేయాలన్నది ఒకటి. కారణం తేలితే తప్ప చేయకూడదన్నది రెండోది.

నిజామాబాద్ జిల్లాలో, ఆర్మూర్ పసుపు ప్రాంతంలోని ఏర్గట్ల వంటి మండల కేంద్రంలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. ఇక్కడ చాలా ఇళ్లలో కంప్యూటర్ ఉంటే ఒక్కటే ఉంటుంది. పిల్లల చదువు, పట్టా పాసుపుస్తకం నకళ్లు, పసుపు అమ్మినప్పటి తక్‌పట్టీల స్కాన్‌లు, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల పాస్‌పోర్టు, వీసా కాగితాలు, పెళ్లి ఫొటోలు అన్నీ దానిలోనే ఉంటాయి. దాన్ని తుడిచే ముందు రెండు పక్షాలూ వినడం మంచిది. మొదటి పక్షం కంప్యూటర్లు బాగుచేసే యువకుడిది. రెండో పక్షం ఉద్యోగ విరమణ చేసిన లెక్కల సారుది.

యువకుడు తన పక్షాన్ని సూటిగా పెడతాడు. “సార్, విండోస్ వేసి ఏడాది దాటిందంటే మెల్లగైతది. ఎన్ని చూసిన. మా రైతులు ఏటేటా దుక్కి దున్నరా? గట్లనే ఇది. ఫార్మాట్ కొడితే కొత్తదాని లెక్క నడుస్తది.”

సారు ఒప్పుకోడు. “భూమి వానకు గట్టిపడుతది, కలుపు మొలుస్తది, అందుకని దున్నుతరు తమ్మీ. డిస్కు మీద రాసిన ఫైలు ఏడాదైనా, పదేండ్లైనా అదే ఫైలు. దానికి వయసు రాదు. ఏదన్న మారిందంటే ఎవరో మార్చిండ్రు. ఏం మారిందో చూడకుండ మొత్తం తుడిచేస్తే, మారింది మళ్ల మారుతది.”

యువకుడి మాటకు చరిత్రలో ఆధారం లేకపోలేదు. 1995లో వచ్చిన విండోస్ 95, దాని తరువాతి విండోస్ 98, 2000 నాటి ‘మీ’ కూర్పు డాస్ పునాది మీద కట్టినవి. తెర మీది కిటికీలు, బొమ్మల లెక్కలు దాచుకోవడానికి వాటిలో కొన్ని ముఖ్యమైన జాగాలు 64 కిలోబైట్లకే పరిమితం. ర్యామ్ ఎంత ఉన్నా ఆ జాగా నిండితే యంత్రం తడబడేది. కొత్త ప్రోగ్రాము వేస్తే, అది విండోస్ ఫోల్డర్‌లోని ఉమ్మడి డీఎల్ఎల్ ఫైళ్ల మీద తన పాత కూర్పును రాసేసేది. దాంతో మరో ప్రోగ్రాము ఆగిపోయేది. ఫ్యాట్32 ఫైల్ వ్యవస్థకు జరుగుతున్న పనిని చిట్టా రాసుకునే అలవాటు లేదు కాబట్టి, మధ్యలో కరెంటు పోతే ఫైళ్లు తెగిపోయేవి. ఆ రోజుల్లో ఏడాదికోసారి విండోస్ వేయడం తెలివైన పనే.

2001 అక్టోబరు 25న విడుదలైన ఎక్స్‌పీతో ఇళ్లలోని విండోస్ డాస్‌ను వదిలి ఎన్‌టీ అనే పునాది మీదికి మారింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ వ్యవస్థ చిట్టా రాస్తుంది. విండోస్ తన ఫైళ్లను తానే కాపలా కాస్తుంది. అయినా ఫార్మాట్ అలవాటు పోలేదు, ఎందుకంటే ఈసారి బెడద వైరస్‌ల రూపంలో వచ్చింది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ పురుగు వ్యాపించేనాటికి ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ మొదటినుంచీ ఆన్‌లో ఉండేది కాదు. 2004 ఆగస్టులో వచ్చిన రెండో సర్వీస్ ప్యాక్‌తో అది మారింది. 2008 చివర్లో బయటపడ్డ కాన్‌ఫికర్ పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకింది. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రాము తనంతట తాను నడిచే ఏర్పాటును పాత విండోస్‌లలో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్‌తో మూసివేసింది 2011 ఫిబ్రవరిలో. అప్పటిదాకా ఫొటో స్టూడియో నుంచి, నెట్ సెంటర్ నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్ ప్రతి ఇంటికీ ప్రమాదమే. ఇప్పుడు పల్లెల్లో కంప్యూటర్లు బాగుచేస్తున్నవాళ్లలో చాలామంది ఈ పని నేర్చుకున్న కాలం అది. ఆ కాలంలో నేర్చిన మందు వాళ్ల చేతిలో ఇంకా ఉంది. రోగం మాత్రం మారింది.

“రోగం మారితే ఫార్మాట్ కొట్టినంక మళ్ల స్పీడెందుకైతది సార్?” అని యువకుడు అడుగుతాడు. ఇది న్యాయమైన ప్రశ్న.

“అప్పటికి దానిలో ఏం లేదు గద. ఆన్ చేయంగనే లేచే ప్రోగ్రాములు లేవు, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు లేవు, రెండో యాంటీవైరస్ లేదు. నెల తిరిగే సరికి ఇంటోళ్లు అవన్నీ మళ్ల వేసుకుంటరు. నువ్వు పది నిమిషాలు కూసుండి టాస్క్ మేనేజర్‌ల స్టార్టప్ లిస్టు బంద్ చేస్తే, ఫార్మాట్ చేసినంత ఫాయిదా ఉంటది. ఫొటోలు, పాస్‌వర్డులు యాడివి ఆడనే ఉంటయి.”

నెమ్మదించిన యంత్రాల్లో మరో పెద్ద భాగానికి విండోస్‌తో సంబంధమే లేదు. తిరిగే హార్డ్ డిస్కు చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు వందకు అటూ ఇటూగా చదవగలదు. మామూలు ఎస్‌ఎస్‌డీ వేలల్లో చదువుతుంది. విండోస్ 10, 11 వెనుక నడిపే పనులు హార్డ్ డిస్కుకు తరచూ తలకు మించిన భారమవుతాయి. టాస్క్ మేనేజర్‌లో డిస్కు గీత నూటికి నూరు చూపుతూ ఉంటే, ఎన్నిసార్లు విండోస్ వేసినా ఆ గీత దిగదు. ఎస్‌ఎస్‌డీ వేస్తే మొదటి రోజే దిగుతుంది. డిస్కులో చెడిన సెక్టార్లు పెరుగుతున్నప్పుడు ఫార్మాట్ చేయడం ఇంకా ప్రమాదం. చావుకు దగ్గరపడ్డ డిస్కు మీద గిగాబైట్ల కొద్దీ కొత్తగా రాయించడమే అది. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కలు ఉచిత ప్రోగ్రాములతో ఒక్క నిమిషంలో చూడవచ్చు. ఏ దుకాణంలోనైనా యంత్రం బల్ల మీదికి రాగానే చూడవలసింది ఇదే.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పుకోవలసింది దుమ్ము సంగతి. జనవరి నుంచి పసుపు తవ్వకం మొదలవుతుంది. కొమ్ములను ఉడకబెట్టి, కళ్లాల్లో ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పడతారు. పొట్టూ పొడీ గాలిలో కలిసి ఇళ్లలోకి వస్తాయి. ల్యాప్‌టాప్ ఫ్యాను ఆ గాలినే లోపలికి లాగుతుంది. వేడిని బయటికి పంపే సన్నని రేకుల మధ్య పొడి పేరుకుంటే ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వెంటనే ఎండాకాలం వస్తుంది. ఏప్రిల్‌లో మెల్లబడ్డ యంత్రానికి ఫార్మాట్ కొట్టినా మళ్లీ అలాగే నడుస్తుంది. ఫ్యాను విప్పి దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద కొత్త థర్మల్ పేస్ట్ రాయడమే దానికి చికిత్స. ఏటా ఒకసారి చేయాలని గడువు పెట్టుకోదగ్గ పని ఒకటి ఉందంటే, పసుపు పనులు ముగిసిన తరువాత చేసే ఈ శుభ్రతే.

యువకుడు ఇక్కడ దుకాణం లెక్క బయటపెడతాడు. “మీరు చెప్పినవన్నీ నిజమే సార్. కని గిరాకీ వచ్చి ఫార్మాట్‌కు ఎంత అంటడు. ఫార్మాట్‌కు పైసలిస్తడు. రెండు గంటలు కూసుండి రోగం పట్టుకున్నందుకు ఇయ్యడు. స్టార్టప్ బంద్ చేసిన, గంతే అంటే, గంతేనా, దానికి పైసలెందుకు అంటడు. ఫార్మాట్ పెట్టి నేను వేరే పని చేసుకోవచ్చు. అయినంక యంత్రం ఎట్లుంటదో నాకు తెలుసు. మళ్ల తెచ్చి నా మీద పడరు.”

ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. కారణం వెతకడం నైపుణ్యం అడిగే పని. దానికి వెల కట్టే అలవాటు లేనిచోట, ఫలితం ముందే తెలిసిన పద్ధతినే ఎవరైనా ఎంచుకుంటారు. తప్పు ఆ యువకుడొక్కడిది కాదు. చూసినందుకు కూడా కూలి ఇచ్చే గిరాకీ ఉంటే, చూసే మెకానిక్ తయారవుతాడు.

అయితే ఫార్మాట్ వల్ల పోయేవాటి వెల ఆ బేరంలో ఎక్కడా లెక్కకు రాదు. డీ డ్రైవ్‌లో పెట్టినవి భద్రమన్న నమ్మకం ఊరూరా ఉంది. కానీ డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో ఉన్నవన్నీ సీ డ్రైవ్‌లోనివే. చాలామంది ముఖ్యమైన కాగితాన్ని కళ్ల ముందు కనబడాలని డెస్క్‌టాప్ మీదే ఉంచుకుంటారు. తెలుగు పని చేసే ఇళ్లకు మరో నష్టం ఉంది. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పాత శుభలేఖలు, కరపత్రాలు యూనికోడ్‌లో ఉండవు. ఆ ఫాంట్లు, అను స్క్రిప్ట్ మేనేజర్ మళ్లీ వేసేదాకా అక్షరాలకు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. వేసిన సీడీ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. ఆధార్ వేలిముద్రల యంత్రం వాడే ఇంట్లో దాని డ్రైవరు, దాన్ని ఆధార్ వ్యవస్థతో కలిపే ఆర్‌డీ సర్వీసు మళ్లీ వేయాలి. డిజిటల్ సంతకం టోకెన్‌దీ అదే కథ.

కొత్త యంత్రాల్లో ఇంకా పెద్ద చిక్కు వచ్చింది. 2024 అక్టోబరులో విడుదలైన విండోస్ 11 24హెచ్2 కూర్పును కొత్తగా వేసి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళితే, తగిన హార్డ్‌వేర్ ఉన్న యంత్రాల్లో డిస్కు గూఢలిపిలోకి దానంతటదే మారుతుంది. సీ డ్రైవ్‌తోపాటు లోపలి డీ డ్రైవ్ కూడా మారుతుంది. తరువాత ఎప్పుడో సీ తుడిచి విండోస్ వేస్తే, డీ తాళం అడుగుతుంది. ఆ 48 అంకెల రికవరీ కీ ఇంటివాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతాను దుకాణంలోనే ఏదో ఈమెయిల్‌తో తెరిచి, పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటే, డీ డ్రైవ్‌లోని ఫొటోలు ఉన్నా లేనట్టే. ఫార్మాట్‌కు ముందు ఆ కీ చేతిలో ఉందా లేదా అని అడగని దుకాణానికి యంత్రాన్ని అప్పగించకూడదు.

“సరే, వైరస్ పడితే?” అంటాడు యువకుడు. సారు వెంటనే ఒప్పుకుంటాడు. “అప్పుడు తుడవాల్సిందే. యాంటీవైరస్ సాఫ్ చేసిందన్నా నమ్మను. ఒకసారి లోపలికి వచ్చినోడు ఎక్కడ ఏం దాచిపెట్టిండో ఎవరికి తెలుసు? బ్యాంకు పని చేసే యంత్రమైతే అసలే నమ్మొద్దు.”

ఇక్కడ ఇద్దరిదీ ఒకే మాట, పైగా సరైన మాట. అయితే ఏటా విండోస్ వేయడం వైరస్ రాకుండా ఆపుతుందా అన్నది వేరే ప్రశ్న. 2017 మే 12న వన్నాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది. అది వేసుకున్న యంత్రాలు నిలిచాయి, వేసుకోనివి పడ్డాయి. విండోస్ ఎంత కొత్తగా వేశారన్నదానితో పనిలేకపోయింది. పైగా దుకాణంలో రెండు మూడేళ్ల కిందటి పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేస్తే, యంత్రం ఆ రెండు మూడేళ్ల కిందటి రంధ్రాలతోనే తిరిగి వస్తుంది. అప్‌డేట్‌లు మొత్తం దిగేదాకా అది ముందుకంటే బలహీనంగా ఉంటుంది.

దొంగ ప్రతుల సంగతి ఇంకా కఠినం. లైసెన్స్ లేని విండోస్‌ను అసలుదిగా చూపించే యాక్టివేటర్ నడపాలంటే, అది ముందు విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్‌ను ఆపమంటుంది. వైరస్ అని చెప్పి ఫార్మాట్ చేయించుకున్న యంత్రంలోకి అదే దుకాణం అదే రోజు, కాపలాదారును బయటికి పంపి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామును పూర్తి అధికారంతో నడుపుతుంది. “అసలుది కొనమంటే కొంటరా సార్?” అన్న యువకుడి ప్రశ్నకు సారు దగ్గర జవాబుంది. “కొనుడు అవసరమే లేదు తమ్మీ. ల్యాప్‌టాప్ విండోస్‌తోని కొన్నరు గద. ఆ కీ మదర్‌బోర్డులనే ఉంది.” నిజమే. విండోస్ 8 కాలం నుంచి, విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్‌లో లైసెన్స్ కీ రాసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సాధనంతో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసి, యంత్రంతో వచ్చిన హోమ్ కూర్పునే వేస్తే, అది ఆ కీని తానే చదువుకుంటుంది. దుకాణాల్లో దొంగ ప్రో కూర్పు వేయించుకున్న ఇళ్లలో చాలావాటికి హోమ్ కూర్పు ముందునుంచీ సొంతమే. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక అవి అడ్డదారి పడుతున్నాయి.

మరి ఫార్మాట్ దాకా వెళ్లకుండా ఏమేం చేయవచ్చు? మొదటిది అతి చిన్నది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉన్న యంత్రాన్ని షట్‌డౌన్ చేస్తే, విండోస్ మూలభాగం నిద్రపోతుందే తప్ప పూర్తిగా ఆగదు. రోజూ ఆపుతున్నాం గదా అనుకున్న యంత్రం నెలల తరబడి ఒకే సెషన్ మీద నడుస్తూ ఉండవచ్చు. రీస్టార్ట్ నొక్కితేనే అన్నీ మొదటినుంచి మొదలవుతాయి. విండోస్ ఫైళ్లు తెగాయన్న అనుమానముంటే డిజం, ఎస్‌ఎఫ్‌సీ అనే రెండు ఆదేశాలు వాటిని వెతికి సరిచేస్తాయి. అప్పటికీ లొంగకపోతే, నడుస్తున్న విండోస్ లోపలినుంచే కొత్త విండోస్ సెటప్ నడిపి, ఫైళ్లు, ప్రోగ్రాములు ఉంచమని చెప్పవచ్చు. విండోస్ అంతా కొత్తదవుతుంది, అను ఫాంట్లు కదలవు. విండోస్ 10 పెద్ద అప్‌డేట్‌లు చాలావరకు చేసింది కూడా ఈ పనే. పాతదాన్ని విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్‌లోకి నెట్టి, పక్కన కొత్తది కట్టి, వెనక్కి వెళ్లడానికి 10 రోజులు ఇచ్చేవి. అంటే అప్‌డేట్‌లు ఆపని యంత్రానికి ఇంటివాళ్లకు తెలియకుండానే విండోస్ కొన్నిసార్లు మళ్లీ వేసినట్టే. గడువు పెట్టుకుని ఫార్మాట్ చేయాలన్న వాదనకు అసలైన జవాబు ఇది. యువకుడు దీనికి బదులు చెప్పడు. దుకాణంలో ఆ పద్ధతి వాడడం మొదలుపెట్టొచ్చు అంటాడు.

కానీ అతని చివరి వాదన సారును ఆలోచనలో పడేస్తుంది. “ఎన్నడూ ఫార్మాట్ కొట్టనోళ్ల ఇంట్ల ఒకరోజు డిస్కు పోతది సార్. అప్పుడు ఏ ఫొటో ఎక్కడుందో తెల్వదు, ఏ పాస్‌వర్డ్ ఏందో తెల్వదు. ఏడాదికోసారి చేసేటోళ్లకు అన్నీ రాసిపెట్టుకునే అలవాటైతది. నా గిరాకీల డిస్కు పోయినా ఏడవనోళ్లు వాళ్లే.”

ఇందులో నిజముంది. తుడిచి మళ్లీ కట్టగలిగినవాళ్లకే తమ దగ్గర ఏముందో తెలుసు. అయితే ఆ లాభం ఫార్మాట్‌ది కాదు, దానికి ముందు తీసుకునే బ్యాకప్‌ది. తవ్వకాలు మొదలయ్యే ముందు ఒకసారి, అమ్మకాలు ముగిశాక ఒకసారి బయటి డ్రైవ్‌లోకి కాపీ తీసి, అందులోంచి రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసి, డ్రైవ్‌ను వేరే గదిలో పెట్టుకుంటే, ఏమీ తుడవకుండానే అదే ధీమా వస్తుంది. సారు దీన్ని తన మాటగా కాక యువకుడి మాటగానే ఒప్పుకుంటాడు.

ఇప్పుడు ఈ వాదాన్ని పక్కకు నెట్టే తేదీ ఒకటి దాటిపోయింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇళ్లకు భద్రతా అప్‌డేట్‌లు 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు యంత్రంలో ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో స్థూలంగా ఎనిమిదో తరం నుంచే అంగీకరిస్తుంది. ఆ అర్హత ఉన్న యంత్రం అప్‌డేట్ ద్వారానే మారుతుంది, ఫార్మాట్ అక్కరలేదు. అర్హత లేని యంత్రానికి మాత్రం తుడిచి వేరేది వేయడానికి సరైన కారణం దొరికింది. ఎస్‌ఎస్‌డీ వేసి ఉబుంటు వంటి లినక్స్ ఎక్కిస్తే పిల్లల చదువుకు, వీడియో కాల్‌లకు చక్కగా పనికొస్తుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04కు 2029 దాకా మద్దతుంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లినక్స్ తయారుచేసింది. పేజ్‌మేకర్, అను, వేలిముద్రల యంత్రం మీద బతికే ఇంటికి ఈ దారి కుదరదు. ఆ ఇంటివాళ్లు ఆ పనికి మరో యంత్రం చూసుకోవాలి.

ఇద్దరూ వాదన లేకుండా ఏకీభవించే సందర్భం ఇంకొకటి ఉంది. కంప్యూటర్‌ను అమ్మేటప్పుడు, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు విండోస్ తప్పక మళ్లీ వేయాలి. మామూలు క్విక్ ఫార్మాట్ దానికి చాలదు. అది ఫైళ్ల జాబితాను మాత్రమే తీసేస్తుంది. హార్డ్ డిస్కు మీది అసలు ఫైళ్లు రికవరీ ప్రోగ్రాములతో తిరిగి వస్తాయి. రీసెట్ చేసేటప్పుడు అన్నీ తీసేయమని చెప్పి, డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపికను కూడా పెట్టాలి. పెద్ద హార్డ్ డిస్కుకు అది గంటల పని. కాబట్టి కొనేవాళ్లు వచ్చే ముందురోజే ఛార్జర్ తగిలించి మొదలుపెట్టాలి.